టేపు దాటని లడ్డూ

నేను ఒక టేపుని. టైలర్ల మెళ్ళో వేలాడుతుంటుందే, ఒక వైపు అంగుళాలూ ఇంకో వైపు సెంటీమీటర్లూ ఉండి, రెండు కొసలకీ ఇత్తడి రేకు తొడిగిన టేపు, అదే నేను. అరవై అంగుళాల మనిషిని. మనిషినన్నానని నవ్వకండి. ఇన్నేళ్ళు మనుషుల్ని చుట్టుకుని బతికినదాన్ని, ఆ మాత్రం భాష అంటుకోదా?

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో ఒక రేకుల షెడ్డులో వేడివేడిగా బయటికొచ్చిన ప్లాస్టిక్ పట్టీ మీద అంకెలు అచ్చేసి, ముక్కలుగా కోసి, చుట్టలు చుట్టి డబ్బాల్లో పడేశారు. నాతోపాటు పుట్టిన తోబుట్టువులు ఎంతమందో నాకు తెలియదు. అందరం ఒకే పొడుగు, అందరి ఒంటి మీదా అవే అంకెలు. మనుషుల ఇళ్ళలో పిల్లల్ని ఇలా పుట్టిస్తే ఎన్ని కొట్లాటలు తప్పేవో! అక్కణ్ణుంచి కాకినాడలో బొత్తాలూ దారాలూ లేసులూ అమ్మే ఒక కొట్టుకి వచ్చి, కొన్నాళ్ళు మేకుకి వేలాడి, మాణిక్యం మేస్త్రి అనే ప్యాంట్ల టైలరు చేతిలో పడ్డాను.

మాణిక్యం మేస్త్రి దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. నడుము చుట్టూ టేపు పడగానే మగవాడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. పెళ్ళికొడుకయినా లాక్కుంటాడు, పెళ్ళికొడుకు తాతయినా లాక్కుంటాడు. మేస్త్రి చూసీ చూడనట్టు రెండంగుళాలు కలిపి కుట్టేవాడు. ప్యాంటు సరిగ్గా పట్టేది, పెద్దమనిషి తన పొట్ట తగ్గిందని సంబరపడేవాడు. తరవాత రెడీమేడ్ కొట్లు వచ్చాయి, మేస్త్రికి పని తగ్గింది. ఆయన కొట్టు మూసేసి, తన దగ్గర పని నేర్చుకున్న మంగతాయారుని పిలిచి, పెద్ద కత్తెరనీ నన్నూ ఆవిడ చేతిలో పెట్టాడు.

మంగతాయారు ఇల్లు జగన్నాథపురంలో, వంతెన దాటాక ఒక సందులో. ముందుగదే కొట్టు. ఒక మిషను, ఒక కత్తిరింపు బల్ల, గోడకి నిలువుటద్దం, మూలన ఇంకా కుట్టని జాకెట్ల గుట్ట. ఆవిడ పనితనానికి వంక పెట్టినవాళ్ళు లేరు. కాకపోతే చెప్పిన రోజుకి జాకెట్టు చేతిలో పెట్టిన పాపాన మాత్రం ఏనాడూ పోలేదు. "అయిపోయిందండీ, హుక్కులే మిగిలాయి. రేపు సాయంత్రం వచ్చేయండి, ఆయ్" అనేది. అప్పటికి ఆ గుడ్డ మీద కత్తెర కూడా పడి ఉండేది కాదు. నేను ఆవిడ మెళ్ళోనే ఉండి అవన్నీ విన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ భర్త సూరిబాబుకి హార్బరు దగ్గర లారీలు తూచే కాటా మీద ఉద్యోగం. ఆయన అక్కడ లారీల్ని తూచేవాడు, ఈవిడ ఇక్కడ మనుషుల్ని కొలిచేది. మొత్తానికి లెక్క తప్పని ఇల్లు. వాళ్ళకి ఒక్కతే కూతురు, భార్గవి. చదువయ్యాక పశువుల డాక్టరుగారి క్లినిక్కులో చేరింది. కుక్కపిల్లలకి సూదులు, పిల్లులకి కట్లు, అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు సాయంత్రం మూతకి చిల్లులున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఆటో దిగింది.

"ఏటే అది?" అంది మంగతాయారు, మిషను మీంచి తల ఎత్తకుండా.

"పాము అమ్మా."

మంగతాయారు కూర్చున్న స్టూలు మీదే లేచి నిలబడింది. ఆవిడ మెళ్ళో నేను గజగజా ఊగిపోయాను. సూరిబాబు వీధిలోకి ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. కిటికీలోంచి గొంతు మాత్రం వినిపించింది. "తాచా, కట్లపామా?"

"రెండూ కాదు నాన్నా. మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకుంటే నేరం. ఇది ఆఫ్రికాది, బాల్ పైథాన్, చిన్నజాతి కొండచిలువ. విషం లేదు, కాగితాలన్నీ ఉన్నాయి. పెంచుకున్నాయనకి ఓడ మీద ఉద్యోగమొచ్చింది. క్లినిక్కులో వదిలేసి వెళ్ళిపోయాడు. ఎవరూ తీసుకెళ్ళట్లేదు." భార్గవి డబ్బా మూత కొంచెం తీసింది. "భయమేస్తే బుస కొట్టదమ్మా, ఉండ చుట్టుకుని తల లోపల దాచేసుకుంటుంది. అందుకే దీన్ని లడ్డూ అంటున్నాం."

మంగతాయారు ఓరగా డబ్బాలోకి చూసింది. నేనూ చూశాను. గోధుమరంగు మీద నల్లని మచ్చలు, బాతిక్ అద్దకం చీరలా ఉంది. నిజంగానే లడ్డూలా చుట్టుకుని ఉంది. మంగతాయారుకి భయం ఎంతో, కూతురి కళ్ళలో నీళ్ళు చూస్తే బెంగ అంత. ఎటూ తేల్చుకోలేక చివరికి మెళ్ళోంచి నన్ను లాగి, రెండు చేతులూ చాపి బారుగా పట్టుకుంది.

"ఇదిగో చూడు. నా టేపు దాటిందంటే మట్టుకు అది ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఎక్కడికి పంపిస్తావో నీ ఇష్టం. ఏటా నాగుల చవితినాడు నేనే కొలుస్తా. మాటంటే మాటే."

"మాటే" అంది భార్గవి.

అప్పుడు లడ్డూ పొడుగు గజానికి అటూ ఇటూగా ఉంటుంది. ఐదడుగులు దాటే రోజు వస్తుందని తల్లి అనుకోలేదు. వస్తే రానీ, అప్పుడు చూసుకుందాం అనుకుంది కూతురు. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. అప్పటిదాకా జాకెట్లూ లంగాలూ తేల్చినదాన్ని, ఆ సాయంత్రం నుంచీ ఒక ప్రాణి ఉండాలా వెళ్ళాలా అని తేల్చే పెద్దమనిషిని అయిపోయాను.

మొదటి చవితి వచ్చింది. మంగతాయారు పొద్దున్నే తలంటుకుని, చలిమిడి చేసి, పుట్ట దగ్గరికెళ్ళి పాలు పోసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఇంటికొచ్చాక భార్గవి లడ్డూ కోసం కొన్న గాజుపెట్టె తెరిచేసరికి అదే మనిషి బల్ల చివర ఎక్కి కూర్చుంది. కనపడని పాముకి అంత భక్తి, కనపడే పాముకి అంత భయం!

"కొలవడం ఎంతసేపు? ఆ చివర నువ్వు పట్టుకో, ఈ చివర నేను పట్టుకుంటాను. చక్కగా లాగి పెడితే మీ అమ్మ కొలుస్తుంది" అన్నాడు సూరిబాబు, గుమ్మం అవతల నిలబడి.

"నాన్నా, అది లారీ మీద కట్టే మోకు కాదు. లాగితే వెన్నుపూసలు పట్టు తప్పిపోతాయి. పామును ఎవరూ లాగి కొలవరు, నొక్కిపెట్టి కొలవరు. దాని దారిన దాన్ని సాగనిచ్చి మనమే దాని వెంట వెళ్ళాలి."

భార్గవికి అన్నీ తెలుసు. ఎలుకను మింగి రెండు రోజులైనా కాకుండా ముట్టుకుంటే కక్కేస్తుందట. కుబుసం విడిచే ముందు కళ్ళు తెల్లగా మసకేసి ఉంటాయి, అప్పుడు కదిపితే చిరాకట. చేతులకి ఏ వాసనా లేకుండా కడుక్కుని, కింద రెండు చోట్ల ఆనించి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. నన్ను మెల్లగా దాని వీపు మీద వేసింది. నేను ఊహించుకున్నట్టు జారుడుగానూ లేదు, తడిగానూ లేదు. లైనింగు సాటిన్ గుడ్డలా పొడిగా, నున్నగా ఉంది. పొట్ట లోపలికి లాక్కోలేదు, ఊపిరి బిగబట్టలేదు. నేను కొలిచిన ప్రాణుల్లో తన కొలతకి సిగ్గుపడనిది అదొక్కటే. కాకపోతే నేను మెడ దాటగానే నన్ను కూడా కలుపుకుని ఉండ చుట్టేసుకుంది.

"ఇప్పుడెలాగే?" అంది మంగతాయారు.

"ఆగాలి అంతే."

ఆగారు. లడ్డూ కాసేపటికి తనంతట తనే విప్పుకుంది. భార్గవి నన్ను వంపు వంపుకీ ఆనిస్తూ ముక్కు నుంచి తోక దాకా తెచ్చింది. అంకె చూడాల్సిన పని మాత్రం మంగతాయారుది. దూరం నుంచే మెడ సాచి, "నలభై నాలుగు" అంది. భార్గవి తనూ చూసింది. నలభై రెండు.

"రెండంగుళాలు ఎక్కువ చెప్పావేంటమ్మా?"

"అలవాటు చొప్పున లూజు కలిపేశానే."

ఆ ఏడు అలా గడిచింది. గాజుపెట్టె ముందుగదిలోనే, మిషనుకి ఎదురుగా ఉండేది. కరెంటు ప్లగ్గు అక్కడే ఉంది మరి, దాని పెట్టె అడుగున ఎప్పుడూ వెచ్చగా ఉండే పలక ఒకటి పెట్టాలి. భార్గవి క్లినిక్కుకీ, సూరిబాబు కాటాకీ వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది మంగతాయారూ, మిషనూ, లడ్డూ, నేనూ. మొదట్లో ఆవిడ పెట్టె మీద పాత దుప్పటి కప్పి కుట్టేది. తరవాత దుప్పటి సగం తీసింది. ఆ తరవాత దుప్పటి ఏమైందో నాకు గుర్తు లేదు. మాటలు మొదలయ్యాయి. "చూశావా, ఈవిడకి మెడ వెనక మామిడికాయ డిజైను కావాలట. ఉన్న వీపే ఇంత, దాని మీద మామిడికాయ ఎక్కడ పెట్టను?" అనేది. లడ్డూ నాలిక ఒకసారి బయటికి తీసి లోపల పెట్టుకునేది. మా ఇంటికొచ్చే ఆడవాళ్ళలో మంగతాయారు మాటని మధ్యలో ఆపకుండా వినేవాళ్ళు ఎవరూ లేరు. లడ్డూ వినేది.

రెండో చవితికి కొద్దిరోజుల ముందు లడ్డూ కుబుసం విడిచింది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగకుండా, తీసి పక్కన పడేసిన మేజోడులా ఒకే ముక్కగా వచ్చింది. మంగతాయారు మొహం వెలిగిపోయింది. ఇంక పామును ముట్టుకోవాల్సిన పనే లేదు! కుబుసాన్ని తెచ్చి కత్తిరింపు బల్ల మీద పరిచి, ముడతలు పడ్డ షిఫాన్ గుడ్డని సవరించినట్టు అరచేత్తో సవరించింది. అంచుకి అంచు కలిపి నన్ను పక్కన వేసింది. నేను అయిపోయాను. నా కొస దాటి కుబుసం ఇంకా నాలుగు వేళ్ళు ఉంది.

భార్గవి వచ్చి చూసింది. మళ్ళీ చూసింది. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మంగతాయారు తన గెలుపుకి సంతోషించాలి కదా, కానీ ఆవిడ మొహంలో అలాంటిదేమీ లేదు. నన్ను చుట్టచుట్టి మెళ్ళో వేసుకోవడం కూడా మరిచిపోయింది.

భార్గవి బెంగుళూరులో ఇలాంటి పాముల్ని పెంచే ఒకావిడకి ఫోను చేసింది. లడ్డూని తీసుకుంటారా అని అడగడానికి చేసింది. అడగలేక, ముందు కొలత చెప్పింది. అవతల ఆవిడ ఎంత గట్టిగా నవ్విందంటే ఆ నవ్వు బల్ల మీదున్న నాకు కూడా వినిపించింది. కుబుసం ఒంటి మీంచి తిరగబడి ఊడేటప్పుడు బాగా సాగుతుందట. అసలు పాము కన్నా ఎప్పుడూ పొడుగే ఉంటుందట. చెప్పాలంటే దానితో కొలవడం కొలతే కాదట.

ఫోను పెట్టేశాక భార్గవి ఈ సంగతి చెబితే మంగతాయారు నెత్తి కొట్టుకుంది. "ఓసి నా బుద్ధి మండా! విప్పిన బనీను కొలిచి మనిషి కొలత చెప్తామా? బనీను సాగదూ? ఇరవై ఏళ్ళ నుంచీ కుడుతున్నాను, ఇది తట్టలేదేంటే నాకు!"

సరే, చవితి రానే వచ్చింది, అసలు పామును కొలవాలి. కిందటేడు లాగా నన్ను వీపు మీద వేస్తే లడ్డూ మళ్ళీ ఉండ చుట్టేసుకుంటుంది. పైగా నేను అడ్డంగా వెడల్పుగా ఉంటాను, వంపుల్లో చక్కగా ఒదగను. మంగతాయారు కాసేపు ఆలోచించి, డ్రాయరులోంచి పైపింగు దారం తీసింది. జాకెట్టు మెడ అంచుల్లో గుడ్డ చుట్టి పెడతారే, ఆ నూలు తాడు. సన్నగా, మెత్తగా ఉంటుంది, సాగదు. నడవాలో గోడ వెంట లడ్డూని వదిలారు. పాములకి గోడవార పోవడమంటే ఇష్టం. భార్గవి దారం కొస ముక్కు దగ్గర ఆనించి, లడ్డూ ఎలా వంపు తిరిగితే అలా దారాన్ని వెన్ను మీద పరుచుకుంటూ పాక్కుంటూ వెళ్ళింది. అయితే ఆ అమ్మాయికి ఉన్నవి రెండు చేతులే. తోక దగ్గర పట్టుకునేవాళ్ళు కావాలి.

"నాన్నా!"

"నాకు డ్యూటీ టైమయింది" అన్నాడు సూరిబాబు. అది ఆదివారం.

మంగతాయారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేల మీద మోకాళ్ళు ఆనించింది. కళ్ళు సగం మూసుకుని, రెండు వేళ్ళతో దారాన్ని లడ్డూ తోక కొసకి ఆనించింది. ఆవిడ వేళ్ళు పాము ఒంటికి తగలడం అదే మొదలు. అరవలేదు. "ఇంత మెత్తగా ఉంటుందా!" అంది, అంతే. బల్ల మీది సుద్దతో దారం మీద గుర్తు పెట్టి తెచ్చి నా మీద పరిచారు. యాభై రెండు. ఈసారి లూజు కలపలేదు. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

ఆ తరవాత కొన్నాళ్ళకే తుపాను వచ్చింది. కాకినాడకి తుపాను కొత్త కాదు, కానీ ఆ ఏడు అది పట్టణం మీదే కూర్చుంది. పొద్దున క్లినిక్కుకెళ్ళిన భార్గవి రోడ్ల మీద నీళ్ళకి అక్కడే చిక్కుకుపోయింది. సూరిబాబుని హార్బరులో ఉండిపొమ్మన్నారు. కరెంటు పోయింది. గాజుపెట్టెలో పలక చల్లబడిపోయింది. భార్గవి ఫోనులో ఏడుస్తూ, "అమ్మా, అది చల్లబడితే చచ్చిపోతుందే" అంది. ఫోను కూడా ఆగిపోయింది.

మంగతాయారు గ్యాసు మీద నీళ్ళు కాచింది. సీసాల్లో పోసి, బిగించి, ఒక్కో సీసాకీ లైనింగు గుడ్డ రెండు మడతలు చుట్టింది. మరీ వేడిగా ఉందేమోనని ఒక్కోటీ తన చెంపకి ఆనించి చూసుకుని పెట్టెలో పెట్టింది. చల్లారినదాన్ని తీసి మళ్ళీ కాచింది. కాలవ పొంగి వీధి గుమ్మం దాకా నీళ్ళొస్తే, పెట్టెని తీసుకెళ్ళి కత్తిరింపు బల్ల మీద పెట్టింది. పెళ్ళివాళ్ళ పట్టుగుడ్డలన్నీ కింద పడేసి మరీ పెట్టింది. లడ్డూ సీసాని చుట్టుకుని పడుకుంది. "చలేస్తోందా పిచ్చితల్లీ? అక్క వచ్చేస్తుంది. నేనున్నాగా" అంటూ ఆవిడ గాజుకి చెయ్యి ఆనించి కూర్చుంది. వర్షం తెరిపిచ్చాక భార్గవి మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ ఇంటికొచ్చి చూసేసరికి లడ్డూ సుఖంగా ఉంది. తల్లి దాని పక్కనే బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది. ఆ రోజు నుంచీ చవితి మాట ఎత్తితే మంగతాయారు మాట మార్చేసేది.

కానీ లడ్డూ పెరగడం మానుతుందా? తింటోంది, పెరుగుతోంది.

ఇంతలో నా సంగతి బయటపడింది. ఆ వేసవి నుంచీ మంగతాయారు కుట్టిన జాకెట్లన్నీ బిగుతుగా రావడం మొదలైంది. ఆడవాళ్ళు వేసుకుని చూసుకుని, అద్దంలో పక్కకి తిరిగి, నోరెత్తకుండా తీసుకెళ్ళిపోయేవారు. తప్పు టైలరుది అనుకోలేదు పాపం, తామే లావెక్కామనుకున్నారు. సందులో సగంమంది తెల్లారగానే నడక మొదలెట్టారు. కాజా ముట్టనని ఒట్టేసుకున్నవాళ్ళున్నారు. ఒకావిడ భర్త నూనె డబ్బా దాచిపెట్టాడని విన్నాను. ఇదంతా ఎన్నాళ్ళు సాగేదో కానీ, మూడో చవితి ఇంకా పది రోజులుందనగా చీపురుపుల్లలా ఉండే రమామణి టీచరుగారు కొత్త జాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నా పెళ్ళినాటి జాకెట్టు ఇప్పటికీ నాకు లూజే తాయారుగారూ. మీరు మొన్న కుట్టింది చేతికే ఎక్కట్లేదు. తేడా నాలో లేదు."

మంగతాయారు ఆవిడ్ని పంపేసి, నన్ను తీసి బల్ల మీది చెక్క స్కేలు పక్కన పరిచింది. ఒంటి మీద కొలిచేది నాతో, గుడ్డ మీద గీసేది ఆ చెక్క స్కేలుతో. స్కేలు ఉన్నంతే ఉంది. నేను సాగిపోయాను. ఇన్నేళ్ళ లాగుళ్ళకీ, ఇస్త్రీపెట్టె వేడికీ, నా ఒక్కో అంగుళం మామూలు అంగుళం కన్నా కాస్త పెద్దదైపోయింది. మొత్తం మీద అంగుళం పైనే పెరిగాను. అంటే ముప్ఫై ఏడు ఉన్నవాళ్ళని ముప్ఫై ఆరున్నర అని చెబుతున్నానన్నమాట.

మనిషికి వయసొస్తే గౌరవిస్తారు. టేపుకి వయసొస్తే ఇంతే సంగతులు. కొలిచేదానికి సాగిపోవడం కన్నా పెద్ద అప్రతిష్ఠ లేదు. నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నా ఒళ్ళు నాకు తెలియకుండా మారిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మంగతాయారు నన్ను తిట్టలేదు. కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, బల్ల కింద కత్తిరింపు ముక్కల సంచిలో పడేసింది. నెలకోసారి పరుపుల వాళ్ళు వచ్చి ఆ సంచి పట్టుకెళతారు. ఆవిడ మెళ్ళోకి పసుపురంగు కొత్త టేపు వచ్చింది. నేను జరీ అంచుల మధ్య, జాకెట్టు చంకముక్కల మధ్య పడి, ఏ పరుపులోకి వెళతానో, ఎవరి వీపు కింద పడి ఉంటానో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

మూడో చవితి వచ్చింది. సంచిలోంచి నాకు కనపడేది తక్కువ, వినపడేదే ఎక్కువ. మంగతాయారు పుట్టకి వెళ్ళొచ్చింది. వచ్చాక కొలత మాట ఎత్తలేదు. మిషను ముందు కూర్చుని గబగబా తొక్కేస్తోంది. చివరికి భార్గవే, "అమ్మా, కొలుద్దాం" అంది.

"రేపు కొలుద్దాంలే, ఈ హుక్కులొక్కటీ అయిపోనీ" అంది మంగతాయారు. జన్మలో మొదటిసారి కూతురికి కూడా గిరాకీలకి చెప్పే మాటే చెప్పింది.

"వద్దమ్మా. మాటిచ్చాను."

దారం తీశారు. నడవాలో గోడ వెంట లడ్డూ జరజరా వెళుతున్న చప్పుడు వినపడింది. ఈసారి తోక దగ్గర పట్టుకున్నది సూరిబాబు. నేను నమ్మలేదు కానీ గొంతు ఆయనదే. "కంగారు పడకమ్మా, కదలకు, అయిపోయింది, అయిపోయింది" అని పాముతో అంటున్నాడో తనతో తనే అనుకుంటున్నాడో తెలియదు. దారాన్ని తెచ్చి బల్ల మీద పసుపు టేపు పక్కన పరిచారు.

"దాటింది" అంది భార్గవి. "అరంగుళం పైనే దాటింది."

"సరిగ్గా చూశావా? కాటాలో ఒక్కోసారి..." అన్నాడు సూరిబాబు.

"చూశాను నాన్నా." ఆ పిల్ల ఏడవలేదు, అదే నాకు బాధేసింది. "బెంగుళూరు ఆవిడకి ఫోను చేస్తాను. ఆవిడ మంచావిడే. బాగా చూసుకుంటుంది." పెట్టె పక్కన చిల్లుల మూత డబ్బా లాగిన చప్పుడయింది.

మిషను ఆగిపోయింది. మరుక్షణం సంచి మొత్తం తలకిందులయింది. నేను రంగురంగుల గుడ్డముక్కలతో పాటు నేల మీద పడ్డాను. మంగతాయారు కూర్చుని రెండు చేతులతో ముక్కలన్నీ కెలికి, నన్ను పట్టుకుని పైకి లాగింది.

"నేను మాటన్న రోజున నా మెళ్ళో ఉన్నదేది? అదా, ఇదా?" అంది.

"అమ్మా, అది సాగిపోయింది కదే" అంది భార్గవి.

"సాగిందో లేదో నాకు తెలీదేంటే? నేను టైలర్ని. నా టేపు దాటితే అన్నాను. ఐదడుగులు దాటితే అనలేదు. నా టేపు ఇదే. మాటంటే మాటే." ఆవిడ నన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. "పొద్దున లేచి నువ్వెళ్ళిపోతావు, ఆయనెళ్ళిపోతారు. ఆ మూలన అది లేకపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడనే? దాన్ని పంపడం నా వల్ల కాదు. కొలువు!"

నన్ను బల్ల మీద పరిచారు. ముడతలు పోయేలా భార్గవి నిమిరింది. పక్కన దారాన్ని ఆనించింది. ముక్కు దగ్గరి గుర్తు నా ఇత్తడి కొసకి సరిగ్గా ఆనింది. నేను బిగబట్టుకున్నాను. ఇన్నేళ్ళు పొట్టలు లోపలికి లాక్కున్నవాళ్ళని చూసి నవ్వుకున్నదాన్ని, ఆ క్షణాన నేనూ అదే పని చేశాను, కాకపోతే బయటికి. దారం మీది రెండో గుర్తు యాభై తొమ్మిది దాటింది, అరవై దాకా రాలేదు.

"దాటలేదు" అన్నాడు సూరిబాబు. లారీ తూకం సరిపోయిందని కాగితం మీద ముద్ర వేసేటప్పుడు ఆయన గొంతు అలాగే ఉంటుందేమో. భార్గవి మాత్రం తల్లి భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.

పరుపుల వాళ్ళు వచ్చి సంచి పట్టుకెళ్ళారు, నేను అందులో లేను. ఇప్పుడు గాజుపెట్టె పక్కన గోడకి మేకు కొట్టి నన్ను తగిలించారు. జాకెట్ల పనికి పసుపు టేపు ఉంది, అది నికార్సయిన కొలత చెబుతుంది, సందులో ఆడవాళ్ళు మళ్ళీ కాజాలు తింటున్నారు. నా పని ఏడాదికి ఒక్కరోజే, ఒక్క పామునే కొలవాలి. మిగతా రోజులన్నీ లడ్డూనీ మంగతాయారునీ చూస్తూ ఊరికే వేలాడుతుంటాను.

ఊరికే అంటే మరీ ఊరికే కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంగతాయారు మిషను మీంచి లేచి వస్తుంది. లడ్డూని ఒకసారి తల నుంచి తోక దాకా చూస్తుంది. తరవాత నన్ను మేకు మీంచి తీసి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని, తెగిపోకుండా జాగ్రత్తగా కాస్త లాగి మళ్ళీ తగిలిస్తుంది. నేనూ సాగుతున్నాను.